నోట్లో చచ్చిన చక్కెర

పొడపత్రి ఆకు నమిలినవాడి నోట్లో చక్కెర చచ్చిపోతుంది. నోట్లో చచ్చిన చక్కెర ఒంట్లో బతకదు. షాలిబండ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా ఈ మాట విననివాళ్ళు లేరు, నమ్మనివాళ్ళు అసలే లేరు. నల్లమల కొండల్లో చెట్లను అల్లుకుని పెరిగే తీగ అది. దాని ఆకులు రెండు నమిలి, ఆ మీద పిడికెడు చక్కెర పోసుకుంటే ఇసుక బొక్కినట్టు ఉంటుంది. అలా బొక్కి చూసినవాళ్ళు గల్లీకి పదిమంది తేలతారు. చక్కెర జబ్బుకు ఇంతకన్నా గట్టి మందు ఏ దవాఖానాలో ఉందని రిక్షావాళ్ళు మొదలుకొని వకీళ్ళ వరకు అందరూ అడుగుతున్నారు.

ఆ గురువారం ఉదయం చంద్రమ్మ వాకిట్లో నాలుగు పళ్ళేల కోవా తిరిగివచ్చి ఉంది.

పళ్ళేలను మలక్‌పేట పెళ్ళివారింటి నుంచి మోసుకొచ్చిన మరిది అంజన్ తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. వదిన వైపు చూడలేదు.

"ఏమన్నరు?" అని అడిగింది చంద్రమ్మ.

"ఏమంటరు వదినా! పెండ్లికొడుకు మేనమామ ఒక్క ముక్క కొరికి నీళ్లు తెమ్మన్నడు. 'యే ఖోవా హై యా శక్కర్ కీ బోరీ?' అన్నడు, కోవానా శక్కర్ బస్తానా అని. పదిమంది మొగోళ్ల ముందట. నేను తలకాయ దించుకొని పళ్లాలు ఎత్తుకొచ్చిన."

చంద్రమ్మ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. మరుక్షణం గబగబా తూము దగ్గరికి వెళ్ళి ఉమ్మేసింది.

నులకమంచం మీద కూర్చున్న మైసయ్య భార్య వెళ్ళడం చూశాడు, ఉమ్మడం విన్నాడు. అతడి ఎడమ కాలు ఎదుటి పీట మీద ఉంది. దసరాకు ముందు బర్రె తొక్కిన బొటనవేలికి చుట్టిన గుడ్డ తెల్లగానే ఉంది కానీ, దాని చుట్టూ ఈగలు విడవకుండా తిరుగుతున్నాయి.

"ఎన్నిసార్లు పోసినవ్ శక్కర్?" అని చంద్రమ్మ అతడిని అడిగింది.

"మొదటిసారి పోసి నాలుక మీద ఏసుకున్న. చప్పగ తగిలింది. మళ్ల పోసిన. మళ్ల చప్పగనే ఉండె. ఇంకోమాటు పోసిన."

"మూడుమాట్లా!"

"నాలుక చెప్పినట్టు చేసిన నేను. పోలీస్ యాక్షన్ అయిన ఏడు మా బాపు చేతిలకెల్లి గరిటె తీసుకున్న. ఇరువై ఆరేండ్లాయె. ఒక్కనాడన్న గీ నాలుక అబద్ధం చెప్పిందా?"

"మరి గిప్పుడేమొచ్చింది దానికి?"

మైసయ్య కాలి మీది ఈగలు తోలుకున్నాడు. అంజన్ దొడ్డిలోని బర్రెల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు ఎంతసేపటికీ తిరిగి రాలేదు. అప్పుడు చంద్రమ్మకు అనుమానం పుట్టింది. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి మూగబోవడం ఆ ఇంట్లో ఊరికే జరగదు.

ఆమె లోపలికి వెళ్ళింది. మూలనున్న తడి ఇసుక కుండలో చేయి పెట్టి మైసయ్య చక్కెర జబ్బుకు వాడే సూదిమందు సీసా పైకి తీసింది. పన్నెండు రోజుల కిందట దవాఖానా నుంచి స్వయంగా తెచ్చిన సీసా అది. 'ఇంక నాది నేనే పొడుచుకుంట, నువ్వెందుకు పరేషాన్' అని మైసయ్య అన్ననాడు ఆమె మనసు తేలికపడింది. ఆనాటి నుంచి రోజూ ఉదయం గాజు పిచికారీ, సూదీ నీళ్ళలో మరిగించి ఇస్తూ వచ్చింది. అతడు తలుపు దగ్గరికి వేసుకుని, కాసేపటికి చేయి రుద్దుకుంటూ బయటికి వచ్చేవాడు.

సీసా మూతి మీది రేకు ఇంకా ఊడలేదు.

చంద్రమ్మ దానిని మంచం పట్టె మీద నిలబెట్టింది.

"పన్నెండు దినాల సంది సూది ఉడకవెడుతున్న. ఎవలకు ఉడకవెట్టిన?"

మైసయ్య ధోవతి కొంగుముడి విప్పాడు. అందులో నాలుగైదు ఆకులున్నాయి. కోలగా, కొంచెం నూగుతో, వాడి ముదురాకుపచ్చగా ఉన్నాయి. వాటిని చూస్తే ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఏమీ కనబడదు. కంచె మీద పాకే ఏ తీగకైనా అలాంటి ఆకులే ఉంటాయి.

"లొల్లి జెయ్యకు. జర ఇను," అన్నాడు. "డాక్టర్ ఏమన్నడు? తీపి లోపలికి పోవద్దన్నడు. నేనెవల్ని? కోవా మేస్త్రీని. కడాయి దించేముందు నాలుక మీద ఏసుకోక తప్పదు. ఇగ గీ ఆకు నమిలిననుకో, శక్కర్ నోట్లనే సస్తది. సచ్చినంక లోపలికి పొయ్యి ఏం జేస్తది? పీనుగ లేసి దొంగతనం జేస్తదా?"

"గందుకని చాయ్‌ల గూడ శక్కర్ ఏసుకుంటున్నవా?"

"ఏసుకుంటే ఏంది? మన్ను తాగినట్టే ఉంటది."

"ఏలు?"

"మంట పోయింది. ముట్టుకుంటే గూడ తెలుస్తలేదు. మానకపోతే మంటెందుకు తగ్గుతది?"

చంద్రమ్మ మరిది వైపు తిరిగింది. "ఆకు తెచ్చింది నువ్వేనా?"

"నయాపూల్ మీద కూసుంటది గదా వదినా, కాశమ్మ అని, అమ్రాబాద్ దిక్కుకెల్లి వస్తది. మస్తుమంది కొంటున్నరు. నేను తినిచూసినంకనే అన్నకు తెచ్చిన."

"మంచిగ తెచ్చినవ్! నీ బర్రెకు కడుపుబ్బితే పశువుల డాక్టర్ కావాలె. నీ అన్నకు మాత్రం తొవ్వల మీది ఆకు!"

అంజన్ ముఖం మాడిపోయింది. బర్రె సంగతి నిజం. పోయిన నెలలోనే పశువుల డాక్టరును నారాయణగూడ నుంచి రిక్షా ఎక్కించి తెచ్చాడు.

చంద్రమ్మ ఆకులన్నీ కొంగులో వేసుకుంది. "గా ముసల్దాన్ని నాలుగు మాటలు అడిగొస్త," అని చెప్పులు తొడుక్కుంది.

"పో," అన్నాడు మైసయ్య, మీసం కింద నవ్వుతూ. "పొయ్యి అడుగు. మల్లొచ్చినంక నాతోని మాట్లాడు."

* * *

నయాపూల్ మీద ఆ వేళకు కోర్టు రద్దీ మొదలై ఉంది. నల్లకోట్లు, కాగితాల కట్టలు, సాక్ష్యానికి వచ్చిన పల్లెటూరివాళ్ళు, వాళ్ళకు జామకాయలు అమ్మేవాళ్ళు. వంతెన గోడ నీడలో, పరిచిన గోనె వెనుక కాశమ్మ కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. ముఖం మీద ముడతలు కాల్వల్లా ఉన్నాయి కానీ చూపులో తడబాటు లేదు. ఆమె ముందు వేళ్ళు, బెరళ్ళు, ఒక తేనె సీసా, తీగకే ఉన్న పొడపత్రి కట్టలు.

చంద్రమ్మ కొంగులోని ఆకులు గోనె మీద కుమ్మరించింది.

"ఏమవ్వా, నీ ఆకు తిని మా ఇంటాయన సూదిమందు బందువెట్టిండు. కాలు కుళ్లుతుంది. ఎవల్ని అడిగి అమ్ముతున్నవ్ గిది? మనిషి పోతే నువ్వు తెచ్చిస్తవా?"

అటూ ఇటూ నలుగురు ఆగి చూశారు. కాశమ్మ మాత్రం ఆకులను ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది.

"కూసో బిడ్డా. నీళ్లు తాగుతవా?"

"నీ నీళ్లు నాకొద్దు."

"ఒద్దంటే ఒద్దుతీ. నీ మొగనికి ఆకిచ్చినట్టు నాకు యాదికి లేదు. గంగడోలోలె మెడ ఉన్న పిల్లగాడు కొనుకపోయిండా?"

అంత కోపంలోనూ మరిది మెడ తలచుకుని చంద్రమ్మకు నవ్వు వచ్చినంత పనైంది. ఆపుకుంది.

"గీ ఆకు మా కొండల ఎప్పటికెల్లి ఉన్నదో మా తాతకు గూడ ఎరుకలేదు. కడుపుల నొస్తే రసం పిండిపోస్తం. పురుగు కుట్టినకాడ ఏరు నూరి కడ్తం. మూత్రంల తీపి పొయ్యేటోళ్లకు గూడ పెద్దలు ఇచ్చేటోళ్లు, కాకపోతే జొన్నగట్క తప్ప ఇంకేం ముట్టనీయకపోయేది. మా అయ్య తేనె తియ్యవోయేటప్పుడు నాలుగాకులు నమిలి చెట్టెక్కేటోడు."

"తేనెకూ దీనికీ ఏం సంబంధం?"

"తేనె షావుకారిది, ఆశ మనది," అని నవ్వింది కాశమ్మ. "నమిలినోనికి తేనె నాకినా నీళ్లోలె ఉంటది. గప్పుడు కడుపుకు ఆశ పుట్టది, కుండ నిండుతది. నమ్మకుంటే నువ్వే నమిలి సూడు. ఊకెనే. పైసలొద్దు."

చంద్రమ్మ తప్పు పట్టుకోవడానికే ఆకు నోట్లో వేసుకుంది. చేదు. ఆ చేదులో కొంచెం వగరు. బాగా నమిలి, నాలుక అంతటా పరచుకోనిచ్చి మింగింది. కాశమ్మ జామకాయలవాడి దగ్గర చిటికెడు ఉప్పు అడిగి ఆమె అరచేతిలో పెట్టింది. నాకింది. ఉప్పగానే ఉంది. ఉప్పు ఎక్కడికీ పోలేదు. ఇంత మాత్రానికా ఇంత పేరు అనుకుంది.

తరువాత కాశమ్మ కాగితం పొట్లం విప్పి చక్కెర పోసింది.

మొదట నాలుకకు పలుకులు తగిలాయి. వాటి అంచులు తెలిశాయి, చల్లదనం తెలిసింది. అవి మెల్లగా కరగడమూ తెలిసింది. తెలియవలసిన ఒక్కటే తెలియలేదు. ఉన్నచోట ఉన్నట్టే ఉండి, ఏదో లేకుండా పోయింది. మూసీ ఒడ్డున పిల్లలు ఆడుకునే సన్నని ఇసుకను నోట్లో పోసుకున్నట్టు ఉంది. ఆమె కళ్ళు మూసుకుంది. పుట్టిననాటి నుంచి ఎన్నడూ విడిచిపోని రుచి, పాల ఇంట పుట్టి పాల ఇంటికే వచ్చిన తనకు ఊపిరిలో ఊపిరి వంటి రుచి, పిలిచినా పలకడం లేదు.

"ఇంకింత పొయ్యి," అంది.

కాశమ్మ పోసింది.

"ఇంకింత."

మూడోసారి ఆమె అడగకుండానే అరచేయి చాచింది.

ఆ ఆకు రసం నాలుక మీద తీపిని పట్టే చోట్లను కాసేపు మూసివేస్తుందని, గంట తిరిగేలోగా అవి తిరిగి తెరుచుకుంటాయని పండితులు వ్రాసి ఉన్నారు. చంద్రమ్మ అది చదవలేదు. చదివి ఉన్నా ఆ నిమిషంలో ఆమె ఆశ్చర్యం తగ్గేది కాదు. తగ్గవలసిన పనీ లేదు. కారణం తెలిసినంత మాత్రాన అద్భుతం అద్భుతం కాకుండా పోదు. ఎవరూ విత్తని, ఎవరూ నీళ్ళు పోయని ఒక కొండతీగ మనిషి నాలుకలోని ఒకే ఒక్క రుచిని ఎంచి, మిగిలినవాటి జోలికి పోకుండా, దాన్ని మాత్రమే ఆర్పివేయడం నిజంగా తల వంచవలసిన సంగతే.

"అవ్వా," అంది చంద్రమ్మ. ఆమె గొంతు మారిపోయింది. "నిజంగనే సచ్చింది శక్కర్."

"సచ్చింది గదా. సూస్తివి గదా. నోట్లె సచ్చింది."

ఆ చివరి మాటలోని 'నోట్లె' అన్న ముక్కను చంద్రమ్మ వినలేదు. అంత అద్భుతాన్ని ఇప్పుడే చవిచూసిన మనిషికి చిన్న చిన్న విభక్తులు వినబడవు.

పోట్లాడడానికి వెళ్ళిన మనిషి రెండు కట్టల పొడపత్రి కొనుక్కుని ఇంటికి బయలుదేరింది.

* * *

ఆమె వచ్చి కట్టలు మంచం మీద పెట్టగానే మైసయ్య మీసం కింద మళ్ళీ నవ్వాడు. మాట అనవలసిన అవసరం లేకపోయింది. అంజన్ మాత్రం ఊరుకోలేదు.

"ఏమాయె వదినా? నాలుగు మాటలు అడిగొస్తనంటివి. ఆకు కొనుకొచ్చినవేంది?"

"నోరు మూసుకో. నా నోట్ల గూడ సచ్చింది. గంతే."

సూదిమందు సీసా మంచం పట్టె మీద అలాగే ఉంది. దానిని తిరిగి ఇసుక కుండలో పెట్టాలా, పెట్టనక్కరలేదా అన్నది చంద్రమ్మకు తేలలేదు. తీసి చేతిలో పట్టుకుంది. మళ్ళీ అక్కడే పెట్టింది. ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. దొడ్డిలో బర్రె ఒకటి తోకతో దడిని కొడుతున్న చప్పుడు మాత్రమే వినబడుతోంది.

మధ్యాహ్నం మూడు గంటలకు ఎదురింటి ఇస్సాకు వచ్చాడు. పెద్ద దవాఖానాలో రక్తమూ మూత్రమూ పరీక్షించే గదిలో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. వారానికి రెండుసార్లు డ్యూటీ దిగి వచ్చేటప్పుడు మైసయ్య వేలికి కట్టు మార్చడం అతడు తనంతట తాను పెట్టుకున్న పని. దానికి ప్రతిఫలంగా ఇంత జున్ను తప్ప ఇంకేమీ తీసుకోడు.

పీట ముందు కూర్చుని గుడ్డ విప్పాడు. ఆఖరి చుట్టు విప్పగానే అతడి చేతులు ఆగిపోయాయి. గోరు పక్కన సోమవారం ఎర్రగా ఉన్న చోటు ఇప్పుడు నల్లబడి ఉంది.

"అన్నా, గిక్కడ ఒత్తుతున్న. తెలుస్తుందా?"

"లే."

"గిక్కడ?"

"లే. మంటనే లేదురా భాయ్. ఆకు మహిమ."

"ఏం ఆకు?"

చెప్పారు. అంజన్ సగం, మైసయ్య సగం. పన్నెండు రోజుల సూది సంగతి మాత్రం చంద్రమ్మే చెప్పింది. ఇస్సాకు అడ్డు రాకుండా విన్నాడు. నవ్వుతాడనుకున్నారు, నవ్వలేదు. తిడతాడనుకున్నారు, తిట్టలేదు.

"నాకొక రెండాకులు ఇయ్యుండ్రి," అన్నాడు.

నమిలాడు. చంద్రమ్మ చక్కెర డబ్బా తెచ్చింది. చెంచాడు పోసుకుని చప్పరించాడు. కళ్ళు పెద్దవయ్యాయి. మరో చెంచాడు పోసుకున్నాడు.

"యేసయ్యా! ఏం ఆకే అక్కా గిది! దవాఖానల ఇన్ని సీసాలున్నయ్, ఒక్కదానికి రాదు గీ పని. నోట్ల దీపం ఆర్పినట్టు ఆర్పింది!"

"చెప్పిన గదా!" అని మైసయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. పన్నెండు రోజుల్లో అతడి ముఖం అంతగా వెలగడం ఇదే మొదటిసారి. "దవాఖానోడివి నువ్వే ఒప్పుకున్నవ్. ఇగ సూది లేదు, డాక్టర్ అన్న ఏలు కొయ్యుడు లేదు."

"ఒప్పుకున్న అన్నా. నీ నోరు చెప్పింది ఇన్నం. నా నోరు గూడ గదే చెప్పింది. నీ పెయ్యిని గూడ ఒక్క మాట అడుగుదమా?"

"ఎట్ల అడుగుతవ్?"

"నీలినీళ్లు ఉంటయ్ నా దగ్గర. మా అమ్మ లీలమ్మకు ఇదే బీమారి ఉండె గదా, రోజూ చూసెటోన్ని. గొట్టం ఇంకా ఇంట్లనే ఉన్నది. మూత్రం ఎనిమిది చుక్కలు ఏసి మరిగిస్తే చాలు. శక్కర్ లేకుంటే నీలంగనే ఉంటది. ఉంటే రంగు మారుతది. ఎంత ఎక్కువుంటే గంత ఎరుపెక్కుతది."

అతడు వెళ్ళి గొట్టాలు, సీసా, ఒక గాజు చుక్కలగొట్టం తెచ్చాడు. పొయ్యి దగ్గరికి నడుస్తుంటే చంద్రమ్మ అడ్డం నిలబడింది.

"గా పొయ్యి మీదనా? ఇస్సాకూ, నీకు దండం పెడ్త. గది పాలపొయ్యి. మా అత్త ఉన్నప్పుడు గంజి గూడ కాగనియ్యలె దాని మీద. మూత్రం మరిగిస్తవా?"

"గిన్నెల నీళ్లు మరిగితయ్ అక్కా. గొట్టం నీళ్లల్ల ఉంటది. పొయ్యికి తగలదు."

"తగలకున్నా వద్దు. బర్రెలు పాలియ్యక ఎనుకకు తిరుగుతయ్. పాలిరుగుతయ్."

"ఇయ్యాల ఇరగని పాలేమున్నయ్ వదినా, కోవా మొత్తం వాపస్ వచ్చినంక!" అన్నాడు అంజన్.

"నిన్ను అడగలే!"

చివరకు తూము పక్కన కుంపటి వెలిగించారు. దానిమీద చంద్రమ్మ పాతదొక సత్తుగిన్నె పెట్టింది. ఆ గిన్నెను ఇంక ఇంట్లోకి రానివ్వనని ముందే చెప్పింది. ఇస్సాకు గొట్టంలో నీలినీళ్ళు పోశాడు. మధ్యాహ్నపు ఎండలో ఆ నీలం మెరిసింది. అంత శుద్ధమైన రంగును ఆ వాకిట్లో ఎవరూ అంతకు ముందు చూడలేదు.

"జర ఆగు," అన్నాడు మైసయ్య. "నీ నీలినీళ్లు పాతబడ్డయేమో. ఊకెనే రంగు మారుతయేమో. గా ముచ్చట నాకెట్ల తెలుస్తది?"

ఇస్సాకు అతడి వైపు చూశాడు. ఆ చూపులో నొప్పి లేదు, గౌరవం ఉంది.

"మంచిగ అడిగినవ్ అన్నా. మా డాక్టర్ సాబ్ గూడ గట్లనే అడుగుతడు. ముందుగాల నాది ఏస్త."

దొడ్డి వెనక్కి వెళ్ళి వచ్చి ఎనిమిది చుక్కలు వేశాడు. గొట్టాన్ని మరిగే నీళ్ళలో నిలబెట్టాడు. అయిదు నిమిషాలు ఉంచాడు. తీసి ఎండకు పట్టి చూపించాడు. నీలం నీలంగానే ఉంది.

అంజన్ చప్పట్లు కొట్టాడు. "చూసినవా వదినా! ఇస్సాకన్న ఆకు నమిలిండు. రెండు చెంచాల శక్కర్ బొక్కిండు. ఒక్క పలుకన్న లేదు! సచ్చింది!"

చంద్రమ్మ ముఖంలో కూడా ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగును ఆర్పడం ఇస్సాకుకు ఇష్టం లేకపోయినా, అబద్ధంతో దాన్ని నిలపడం అంతకన్నా ఇష్టం లేదు.

"నాకు గా బీమారి లేదురా తమ్మీ. ఆకు నమిలినా నీలమే, నమలకున్నా నీలమే. నీళ్లు మంచిగున్నయని చూపెట్టిన, గంతే. ఇగ అన్నది చూడాలె."

మైసయ్య పీట మీది వేలిని చూశాడు. మంచం పట్టె మీది సీసాను చూశాడు.

"అంజీ," అన్నాడు తమ్ముడితో. "నీలం ఉన్నదనుకో, గా సీసాను తీస్కపొయ్యి మూసీల పారెయ్యి. ఇగ నాకు సూది పేరెత్తొద్దు ఎవలూ."

"లేకుంటే?" అని అడిగింది చంద్రమ్మ.

"లేకుంటే..." అతడి గొంతు కొంచెం దిగింది. "ఇస్సాకూ, నిజం చెప్పు. గీ నలుపు ఏంది?"

"మంట తగ్గలేదన్నా. మంట తెలిసే పాణం పోయింది ఏలికి. ఇయ్యాల దవాఖానకు పోతే ఏలుతోని పోతది. ఇంకో వారం ఆగితే పాదం అడుగుతరు. గంతకన్న ఎక్కువ నాకు తెల్వదు."

కుంపటిలో బొగ్గు చిటపటమంది.

"లేకుంటే నువ్వు చెప్పినట్టే పోత," అన్నాడు మైసయ్య. "నా నాలుక మీద ఒట్టు." లేవబోయి, ఆగి, కట్టలోంచి మరో నాలుగాకులు తెంచి నోట్లో వేసుకున్నాడు. "పూరా నమిలే పోత. మల్ల తక్కువ నమిలినవ్ అనొద్దు."

కుంటుకుంటూ దొడ్డి వెనక్కి వెళ్ళి వచ్చాడు. గాజుగ్లాసు మీద తలగుడ్డ కప్పి తెచ్చి, సిగ్గుతో ముఖం తిప్పుకుని ఇచ్చాడు.

మరో గొట్టంలో నీలినీళ్ళు, ఎనిమిది చుక్కలు. ఇస్సాకు గొట్టాన్ని గిన్నెలో నిలబెట్టబోయాడు. మైసయ్య చేయి చాచాడు.

"నాకియ్యి. నేను పట్టుకుంట. ఇరువై ఆరేండ్లు కడాయి ముందట కూసున్న. తెలుపు ఎప్పుడు పసుపైతదో, పసుపు ఎప్పుడు ఎరుపైతదో నాకంటె బాగా ఎవలు చూస్తరు?"

పట్టకారుతో గొట్టాన్ని పట్టుకుని మరిగే నీళ్ళలో దించాడు. నులకమంచం వదిలి నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. పాలు కోవాగా మారే వేళ అతడు చూసే చూపే చూశాడు. రెప్ప కొట్టడం లేదు. చంద్రమ్మ అతడి వెనక నిలబడి భుజం మీద చేయి వేసింది. ఆమె నోట్లో పొద్దుటి ఆకు ప్రభావం ఎప్పుడో వదిలింది. ఇందాక పరధ్యానంగా చప్పరించిన రెండు పలుకుల చక్కెర తియ్యగానే తగిలిందని ఆమెకు అప్పుడు గుర్తుకొచ్చింది. ఎవరితోనూ అనలేదు.

గొట్టం అడుగున నీలం కదిలింది.

"పచ్చబడ్డది," అన్నాడు మైసయ్య మెల్లగా.

"ఆకు రంగే అన్నా!" అన్నాడు అంజన్. "పొడపత్రి రంగు! ఆకు దిగింది!"

పచ్చ నిలవలేదు. పైనుంచి పసుపు దిగింది. కొండమీద పొద్దుపొడుపు వంటి పసుపు. చూడడానికి అదీ అందంగానే ఉంది. ఎనిమిది చుక్కల్లో ఇన్ని రంగులు దాగి ఉంటాయని ఆ వాకిట్లో ఇస్సాకుకు తప్ప ఎవరికీ తెలియదు.

"పసుపు," అన్నాడు మైసయ్య. కడాయి దగ్గర పనివాళ్ళకు చెప్పే గొంతుతోనే చెప్పాడు. "ఎరుపెక్కుతుంది. ఇంకా ఎక్కుతుంది."

"చాలన్నా, తియ్యి," అన్నాడు ఇస్సాకు.

"కాలే. పూరా కానియ్యి."

అయిదు నిమిషాలూ పూర్తి అయ్యేదాకా ఉంచి, తానే బయటికి తీశాడు. ఎండకు ఎదురుగా పట్టుకున్నాడు. చంద్రమ్మ చక్కెర డబ్బా మూత తీసి అతడి ముందు పెట్టింది. అతడు చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఆకు తన పని తాను చేస్తూనే ఉంది.

మైసయ్య నోట్లో తీపి అణువంతైనా లేదు. గొట్టంలో అడుగు నుంచి అంచు దాకా ఇటుక రంగు ఉంది.